ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు

తాండవ నది వంతెనకు అవతల తుని, ఇవతల మన పాయకరావుపేట. 2022 ఏప్రిల్ 4 దాకా అవతలిది తూర్పు గోదావరి జిల్లా, ఇవతలిది విశాఖపట్నం జిల్లా. ఆ రోజు నుంచి అది కాకినాడ జిల్లా, ఇది అనకాపల్లి జిల్లా. జిల్లాల పేర్లు మారాయి గాని మనుషుల రాకపోకలు మారలేదు. రైలెక్కాలంటే ఈనాటికీ మనం తునికే పోవాలి. ఆ దారిలో, ఫజర్ నమాజు ముగించుకుని ఒక టీ తాగి పనికి వెళ్ళేవారు మనలో చాలామంది ఉన్నారు. మేము ఏళ్ళ తరబడి టీ తాగుతున్న చిన్న హోటలు ఒకటుంది. గల్లాపెట్టె వెనుక గోడకు ఒక రేకు బోర్డు వేలాడుతూ ఉంటుంది. "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. మన జిల్లాల్లో టీ హోటళ్ళలో, క్షౌరశాలల్లో ఇలాంటి బోర్డు ఎప్పుడూ చూడనివారు ఉండరేమో!

ఈ బోర్డు ఎందుకని యజమానిని ఒకసారి అడిగాం. "మాస్టారూ! రెండు టీలు తాగి రెండు గంటలు కొట్లాడుకుంటే నా బల్ల ఖాళీ అవదు. అది పోనీ అనుకున్నా, రేపు ఆ ఇద్దరిలో ఒకరు రావడం మానేస్తారు. నాకు ఇద్దరూ కావాలండీ" అన్నాడు.

ఆయన వ్యాపారం కోసం చెప్పినా, ఆ మాటలో మన పెద్దలు నేర్పిన మర్యాద కూడా ఉంది. ఊరకున్నంత ఉత్తమం లేదని తెలుగువారంటారు. ఒక్క మౌనానికి నూరు సుఖాలని, "ఏక్ చుప్, సౌ సుఖ్" అని ఉర్దూలో సామెత. ఒకే బల్ల మీద నాలుగు కులాలవారు, రెండు మూడు మతాలవారు, నాలుగు పార్టీలవారు కూర్చునే ఊళ్ళలో ఈ మర్యాద లేకపోతే బల్ల మిగలదు.

ఇటీవలి చరిత్రనే చూడండి. 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వెలువడిన నాటి నుంచి 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యేదాకా తెలుగు కుటుంబాలు ఎంత జాగ్రత్తగా మాట్లాడుకున్నాయో అందరికీ గుర్తుండే ఉంటుంది. కూతురిని హైదరాబాదులో ఇచ్చినవారు, కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు ఫోనులో ఆరోగ్యాలు అడిగారు, వర్షాలు అడిగారు, పిల్లల చదువులు అడిగారు, ఆ ఒక్క సంగతి మాత్రం దాటవేశారు. వియ్యంకుల మధ్య మాట పోకూడదన్నదే వారి ఉద్దేశం. ఆ నేర్పు వల్లనే రాష్ట్రం విడిపోయినా చుట్టరికాలు విడిపోలేదు.

మనకు మరీ దగ్గర సంగతి 2016 జనవరి 31న జరిగింది. తునిలో కాపు సభ జరిగిన రోజున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. ఎందరి మీదనో కేసులు పెట్టారు. ఏడేళ్ళు గడిచాక 2023 మే 1న విజయవాడ రైల్వే కోర్టు ఆ రైలు కేసును కొట్టివేసింది. ఈ మధ్య కాలంలో వంతెనకు ఇరువైపులా ఉన్నవారు ఒకరి కొట్టులో ఒకరు సరుకులు కొనడం మానలేదు. ఎవరి తప్పెంత అన్న చర్చ టీ బల్ల మీద తేలేది కాదని, అది తేల్చేవారు వేరే ఉన్నారని అందరికీ తెలుసు. తీర్పు చెప్పే అధికారం లేని చోట తీర్పులు చెప్పకపోవడం పిరికితనం కాదు, వివేకం.

ఉత్తరాంధ్రలో మన జనసంఖ్య బహు తక్కువ. ఒక్కొక్క ఊళ్ళో పదీ పాతిక ఇళ్ళు. పొరుగువారితో సఖ్యత మనకు అలంకారం కాదు, జీవనాధారం. అందుచేత ఈ మర్యాదను మనం తరతరాలుగా పాటిస్తూ వస్తున్నాం. అయితే పరాయివారితో చూపే ఓర్పు మనలో మనం చూపుతున్నామా? రమజాను వస్తే చాలు, తరావీహ్ ఎనిమిదా ఇరవయ్యా అని ఇఫ్తారు దగ్గరే మొదలు. ఆమీన్ గట్టిగా అనాలా, మెల్లగా అనాలా? మొన్న అరబీ మూడు నెలలు నేర్చుకున్న కుర్రవాడు ముప్పయ్యేళ్ళుగా నమాజు చేయిస్తున్న పెద్దమనిషిని నలుగురిలో నిలదీస్తాడు. ఖర్జూరం నోట్లో ఉండగానే గొంతులు లేస్తాయి. టీ హోటలువాడి బోర్డు ఒకటి తెచ్చి దస్తర్‌ఖాన్ దగ్గర పెట్టాలనిపిస్తుంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) 1111లో మరణించారు. వారి 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో నాలుక వల్ల కలిగే ఆపదల మీద ఒక ప్రత్యేక భాగమే ఉంది. అందులో ఇరవై ఆపదలు లెక్కపెట్టారు. మనకు సంబంధం లేని మాటతో ఆ పట్టిక మొదలవుతుంది. వాదులాట నాలుగోది, జగడం అయిదోది. తన పక్షమే సరైనదైనా వాదన విడిచిపెట్టినవానికి స్వర్గంలో ఇల్లు ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. పలికితే మంచి పలకాలి, లేదా ఊరుకోవాలి అన్న వారి హితవు మన పిల్లలకు మక్తబులో మొదటి ఏడాదే చెబుతాం. కాబట్టి వివాదాస్పదమైన సంగతులను మాటామంతీలోకి తేకపోవడం మంచిదా అని ఎవరైనా అడిగితే, మంచిదేనని మా జవాబు.

ఇంతటితో ఆపితే ఈ వ్యాసం హాయిగా ముగిసిపోయేది. కాని మమ్మల్ని ఈ మధ్య ఒక సంగతి బాధిస్తోంది. టీ హోటలు గోడ మీద ఉండవలసిన బోర్డు మన ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది. కనబడే రేకు బోర్డు కాదు గాని, ప్రతి ఇంట్లోనూ ఉంది. ఇచ్చట అప్పుల సంగతి మాట్లాడరాదు. ఇచ్చట ఆడపిల్ల వాటా మాట్లాడరాదు. ఇచ్చట మెహర్ మాట్లాడరాదు. ఇచ్చట నాన్నగారి జబ్బు మాట్లాడరాదు. రాజకీయాల గురించి ఊరుకుంటే నష్టపోయేది ఎవరూ లేరు. ఈ సంగతుల గురించి ఊరుకుంటే నష్టపోయేవారు ఉన్నారు. వారు మన ఇంట్లోనే ఉన్నారు.

మాకు జరిగినది, కాదు, మేము చేసినది చెబుతాం. కొన్నేళ్ళ క్రితం మా ఎరుకలో ఒక పెద్దాయన ఉండేవారు. చిన్న బట్టల కొట్టు, పెంకుటిల్లు, ఎకరంన్నర పొలం ఆయన ఆస్తి. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. చివరి కూతురు భర్త పోయి ఇద్దరు పిల్లలతో పుట్టింటి వీధిలోనే అద్దెకుంటూ కుట్టుమిషను మీద బతికేది. పెద్దాయనకు గుండె జబ్బు వచ్చింది. ఒకనాడు అసర్ నమాజు తర్వాత మసీదు మెట్ల మీద మా పక్కన కూర్చుని, "మౌల్వీ సాబ్, నా తర్వాత వీళ్ళకు ఎవరికెంత వస్తుందో కాస్త లెక్క చెప్పండి. కొడుకులను పిలిచి మీ ముందే చెప్పేస్తాను" అన్నారు. మేమేం చేశామో తెలుసా? ఆయన చేయి పట్టుకుని, "ఇప్పుడెందుకు సాబ్ ఆ మాటలు? అల్లాహ్ మీకు నూరేళ్ళు ఇస్తాడు" అన్నాం. మర్యాదగా మాట్లాడామనే అనుకున్నాం. ఆయన మరి అడగలేదు.

ఆ లెక్క చాలా చిన్నది. ఆస్తి ఎనిమిది భాగాలు చేస్తే భార్యకు ఒకటి, కొడుకులకు చెరి రెండు, కూతుళ్ళకు తలా ఒకటి. ఒకటీ, నాలుగూ, మూడూ, ఎనిమిది. చేతి వేళ్ళ మీద తేలే లెక్క. పదేళ్ళు మద్రసాలో చదివి, ఫరాయిజ్ పాఠాలు పిల్లలకు చెప్పే మేము ఆ మెట్ల మీద అయిదు నిమిషాలు వెచ్చించలేకపోయాం.

ఆయన పోయిన నలభయ్యో రోజున భోజనాలయ్యాక కొడుకులు ఒక కాగితం తెచ్చారు. విడుదల దస్తావేజు. "సంతకం పెట్టండి ఆపా, ఇదంతా మన ఇంటి మనుషుల మధ్యే కదా" అన్నారు. పెద్దవాళ్ళిద్దరూ పెట్టారు. చిన్నమ్మాయి ఒకసారి తల ఎత్తి ఆ గదిలో ఉన్న పెద్దలందరి వంక చూసింది. ఆ పెద్దల్లో మేమూ ఉన్నాం. ఎవరమూ నోరు విప్పలేదు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆస్తి మాటేమిటని మేము మనసులో సర్దిచెప్పుకున్నాం. ఆస్తి మాట వాళ్ళప్పటికే ఎత్తారు, కాగితం మీద రాసి మరీ ఎత్తారు. మేము ఎత్తనిది న్యాయం మాట ఒక్కటే. ఆమె సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ ఈదుకూ అన్నల గుమ్మం తొక్కలేదు. వీధిలో మాకు ఎదురైతే ఇప్పటికీ సలాము చేస్తుంది. ఆ సలాముకు జవాబు చెప్పేటప్పుడు మా తల వంగిపోతుంది.

మాట ఎత్తితే చుట్టరికం తెగుతుందని భయపడి ఊరుకున్నాం. ఊరుకున్నందుకే ఆ చుట్టరికం తెగింది. నాకు ఇద్దరూ కావాలని హోటలు యజమాని అన్నాడే, అన్నలూ చెల్లెలూ ఇద్దరూ కావాలని ఆ ఇంట ఒక్కరమైనా అనలేకపోయాం.

దైవప్రవక్త (స) కాలంలో ఇలాంటి సందర్భం వస్తే ఏం జరిగిందో చూడండి. ఉహుద్ యుద్ధంలో, అంటే 625లో, సాద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. వారి ఆస్తినంతా తమ్ముడు తీసుకున్నాడు. సాద్ గారి భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. వీరి తండ్రి మీ వెంట యుద్ధానికి వచ్చి ప్రాణమిచ్చాడు, వీరి పినతండ్రి సర్వం తీసుకున్నాడు, చేతిలో ఏమీ లేని పిల్లలకు పెళ్ళెలా అవుతుందని అడిగింది. ఇంట్లో విషాదం, ఊరంతా దుఃఖం. అయినా ఇప్పుడా ఈ మాటలని ఆ తల్లిని ఎవరూ మందలించలేదు. అల్లాహ్ దీనికి తీర్పు చెబుతాడని దైవప్రవక్త (స) అన్నారు. నిసా సూరాలోని వారసత్వ వాక్యాలు అప్పుడు అవతరించాయి. ఆయన ఆ పినతండ్రిని పిలిపించి, ఆడపిల్లలిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇమ్మని, మిగిలింది నీదని చెప్పారు. ఈనాటికీ కోట్లాది కుటుంబాల్లో ఆడపిల్లకు దక్కవలసిన వాటాకు వెనుక నోరు విప్పిన ఒక వితంతువు ఉంది.

ఖౌలా బిన్తె సాలబా (రజి) సంగతి కూడా అలాంటిదే. భర్త ఆవేశంలో అన్న ఒక్క మాటతో సంసారం మధ్యలో ఆగిపోతే, ఆమె దైవప్రవక్త (స) ఎదుటే వాదించింది. ఆమె మొర అల్లాహ్ విన్నాడని చెబుతూ ఖురాన్‌లో 58వ సూరా అవతరించింది. దాని పేరే ముజాదలా, వాదన. వాదులాటను విడిచిపెట్టమన్న ధర్మమే ఒక స్త్రీ వాదన పేరిట ఒక సూరాను నిలిపింది. ఈ రెంటికీ పొత్తు కుదరదని తొందరపడేవారు అనుకుంటారు. మొదటిది గెలవడం కోసం చేసే వాదన, రెండోది హక్కు కోసం చేసే విన్నపం. నాలుక ఆపదలు ఇరవై లెక్కపెట్టిన ఇమామ్ గజాలీ కూడా గీబత్ గురించి రాసిన చోటే ఆరు మినహాయింపులు ఇచ్చారు. అన్యాయానికి గురైనవారు న్యాయం చేయగలవారి దగ్గర చెప్పుకోవడం అందులో మొదటిది. ధర్మం ఏమిటని అడిగి తెలుసుకోవడం ఇంకొకటి. అంతటి ఆంక్షల మధ్య కూడా ఆ తలుపులు ఆయన మూయలేదు.

అప్పుల సంగతీ అంతే. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. బఖరా సూరాలోని 282వ వాక్యం, అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగితం రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెబుతుంది. మనమేమంటున్నాం? "మన మధ్య కాగితాలేమిటి బావా!" అంటున్నాం. ఇచ్చినవాడు అడగలేక, తీసుకున్నవాడు చెప్పలేక, రెండేళ్ళకు ఇద్దరూ పెళ్ళిళ్ళలో మొహాలు తిప్పుకుంటున్నారు. ఒకసారి ఒక జనాజా తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) ముందుగా అడిగింది ఈయనకు అప్పేమైనా ఉందా అని. ఉందని తెలిసి, నమాజు మీరు చేసుకోండని తాను ఆగారు. ఆ అప్పు నేను తీరుస్తానని అబూ ఖతాదా (రజి) పూచీ పడ్డాకనే నమాజు చేయించారు. మన ఊళ్ళలో కూడా జనాజా నమాజుకు ముందు, మరహూం ఎవరికైనా బాకీ ఉంటే వారసులను కలుసుకోండని ప్రకటిస్తాం. పాడె పక్కన నిలబడి నలుగురిలో అడగదగిన మాట, మనిషి బతికుండగా ఇంట్లో అడగదగనిది ఎలా అయింది?

మెహర్ సంగతి మరీ శోచనీయం. నికాహ్ నాడు ఒక సంఖ్య చెప్పి రిజిస్టరులో రాస్తాం. ఆ తర్వాత జీవితకాలమంతా ఆ మాట ఎత్తితే భార్యకు మర్యాద తెలియదంటాం. చివరకు భర్త జనాజా లేచేవేళ, ఏడుస్తున్న ఆమె చెవిలో "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అని పెద్దవాళ్ళు అడిగే దురాచారం ఇంకా ఉంది. ఆ క్షణంలో ఏ ఇల్లాలు కాదనగలదు? అది క్షమాపణ కాదు. ముప్పయ్యేళ్ళ మౌనానికి ఆమె చేత చెల్లించుకుంటున్న వెల. మరోవైపు, ఆమె తండ్రి ఇచ్చిన కట్నం గురించి మాత్రం ఎవరికీ మొగమాటం లేదు. హైదరాబాదు వైపు దాన్నే జోడేకీ రఖం అని ముద్దుగా పిలుస్తారు. ఇవ్వడమూ తీసుకోవడమూ కూడా 1961 నుంచి చట్టరీత్యా నేరమే. అడగకూడనిది నోరారా అడుగుతున్నాం, అడగవలసినదానికి నోరు కట్టేసుకుంటున్నాం.

దీనికి మనవాళ్ళు చెప్పే సాకులు మాకు తెలుసు. ఆడపిల్లకు పెళ్ళి ఖర్చు పెట్టాం, సామాను ఇచ్చాం, అదే ఆమె వాటా అంటారు. పెళ్ళినాడు ఇచ్చింది తండ్రి బతికుండగా ఇచ్చిన కానుక. వారసత్వం ఆయన పోయిన తర్వాత దైవం నిర్ణయించిన భాగం. కొడుకు పెళ్ళికి పెట్టిన ఖర్చు అతని వాటాలోంచి తీసివేస్తున్నామా? చెల్లెలు తనంతట తానే వదులుకుందంటారు. ఎంత వస్తుందో చెప్పకుండా, చేతికివ్వకుండా, నలుగురి మధ్య కాగితం చాచి వదులుకోమంటే అది వదులుకోవడం ఎలా అవుతుంది? వాటా ఆమె చేతిలో పెట్టండి. ఆ తర్వాత ఇష్టపడి తిరిగి ఇస్తే అది ఆమె ఔదార్యం.

పొలానికి షరీయత్ చట్టం వర్తించదని ఇంకొందరు పెద్ద చదువు చదివినట్టు చెబుతారు. 1937 నాటి షరీయత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని మన కోస్తా జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్రం 1949లోనే చట్టాన్ని సవరించి మినహాయింపును తొలగించింది. చట్టం సంగతి అలా ఉంచినా, తల్లిదండ్రులు విడిచిపోయినదానిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, మగవారికీ ఆడవారికీ భాగం ఉందని చెప్పిన నిసా సూరా ఏడో వాక్యం పెంకుటింటిని ఒక లెక్కగా, పొలాన్ని ఇంకొక లెక్కగా చూడలేదు.

అయితే ప్రతి గంభీరమైన సంగతినీ ఎక్కడపడితే అక్కడ ఎత్తమని మా ఉద్దేశమా? కానే కాదు. మాట ఎత్తే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ సంగతిని ఇక్కడ కూర్చున్నవారు తేల్చగలరా? నేను ఊరుకుంటే ఎవరి హక్కయినా చచ్చిపోతుందా? రెండింటికీ కాదన్నదే జవాబైతే హాయిగా టీ తాగి లేచిపోవచ్చు. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కాలో, ఏ పార్టీకి ఎన్ని సీట్లో మనం బల్ల మీద తేల్చేది లేదు. రెండింటికీ అవునన్నదే జవాబైతే ఊరుకోవడానికి మనకు అధికారం లేదు. అక్కడ మౌనం మర్యాద కాదు, అపరాధంలో భాగస్వామ్యం. హక్కు ఉంది గాని తేల్చేవారు ఇక్కడ లేరంటారా? అప్పుడు మాటను చంపకండి, తేల్చగలిగే చోటికి తీసుకువెళ్ళండి.

మద్రసాల్లో మునాజరా అనే శాస్త్రం ఒకటి చెబుతారు. వాదించే పద్ధతి అన్నమాట. ఎదుటివాడి నోరు మూయించే విద్య అని బయటివారు అనుకుంటారు. మేము చదువుకున్నంతలో దాని సారం వేరు. నీ మాట ఏమిటో ముందు స్పష్టంగా చెప్పు, ఎదుటివారి మాట పూర్తిగా విను, రుజువు అడిగితే కోపగించకు, తెలియనిది తెలియదను. ఇమామ్ మాలిక్ (రహ్మ) అంతటివారు తమను అడిగిన ఎన్నో ప్రశ్నలకు తెలియదని సెలవిచ్చారు. ఈ పద్ధతి పండితులకే కాదు, మన ఇంటి నడవాలో కూడా పనికివస్తుంది.

పెళ్ళిరోజున, పండుగ పూట, దస్తర్‌ఖాన్ దగ్గర ఇలాంటి మాటలు ఎత్తవద్దు. ఒక సాయంకాలం, మగ్రిబ్ తర్వాత, ఇందుకోసమే కూర్చోవాలి. తండ్రి ఆరోగ్యంగా ఉన్నప్పుడే కూర్చోవాలి. మంచాన పడ్డాక చెప్పే మాటకు ఎన్నో అర్థాలు పుడతాయి. మొదలుపెట్టేవాడు ఇతరుల బాకీలతో కాక తన బాకీలతో మొదలుపెట్టాలి. ఫలానావారికి నేను ఇంత ఇవ్వాలి, మీ అమ్మ మెహర్ ఇంకా ఇవ్వలేదు, ఇదిగో ఇస్తున్నాను అని పెద్దవాడు నోరు తెరిస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. ఆడపిల్లలను వంటగదిలో కూర్చోబెట్టి వారి వాటా గురించి మగవారు మాట్లాడుకోవడం పద్ధతి కాదు. వారినీ ఎదురుగా కూర్చోబెట్టాలి. వీలునామా రాసేవారు దాన్ని ఆస్తిలో మూడో వంతు దాటనివ్వరాదని, మిగతా వారసుల అంగీకారం లేకుండా ఏ ఒక్క వారసుడికీ అదనంగా రాయరాదని తెలుసుకోవాలి. లెక్క తెలియకపోతే మీ ఊరి ఆలిములను అడగండి. మేము చేసినట్టు వారు మాట దాటవేస్తే విడిచిపెట్టకండి, మళ్ళీ అడగండి.

గొంతు లేస్తే ఆపి, నీళ్ళు తాగి, మరో రోజు కూర్చోండి. వాయిదా వేయడంలో తప్పు లేదు, రోజు చెప్పి వాయిదా వేయాలి. రోజు చెప్పని వాయిదా సమాధితో సమానం.

మళ్ళీ ఆ టీ హోటలుకే వద్దాం. రాజకీయాలు వద్దని బోర్డు పెట్టిన ఆ మనిషి గల్లాపెట్టె కింద ఒక ఖాతా పుస్తకం ఉంచుకుంటాడు. ఎవరు ఎన్ని టీలు అరువు తాగారో ఏ రోజుకారోజు రాసుకుంటాడు. నెల తిరిగేసరికి మొగమాటం లేకుండా, నవ్వుతూనే, "మాస్టారూ, మీ లెక్క ఇంతైంది" అంటాడు. మాకెప్పుడూ కోపం రాలేదు. అతని హోటలుకు వెళ్ళడం మేము మానలేదు. గోడ మీద ఏది ఉండాలో, పుస్తకంలో ఏది ఉండాలో ఆయనకు తెలుసు. మనం బోర్డు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం, పుస్తకం అక్కడే వదిలేశాం.

ఈ జుమా నమాజు నుంచి ఇంటికి వెళ్ళాక మీ ఇంట మాటకు నోచుకోని సంగతి ఏదో ఒక్కటి గుర్తు చేసుకోండి. అది మాట్లాడుకునే రోజు ఏదో ఇవాళే నిర్ణయించండి. మేము కూడా ఆ పెద్దాయన కొడుకుల దగ్గరకు ఎనిమిది భాగాల లెక్క రాసుకుని వెళ్ళదలచుకున్నాం. ఆలస్యమైంది, నిజమే. వారు వింటారో వినరో చెప్పలేం. కాని ఆ చెల్లెలు ఇంకా అదే వీధిలో ఉంది, ఆ అన్నలూ ఇంకా బతికే ఉన్నారు. మాట ఎత్తడానికి ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు.